రిపోర్టు నార్మల్, కడుపులో మాత్రం బాధ

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు మాటలు చెప్పమని సంఘం కార్యవర్గం అడిగింది. షుగరు గురించి, గుండె గురించి చెప్పేవాళ్లు మన బ్యాచ్‌ల్లోనే చాలామంది ఉన్నారు. నేను కడుపు జబ్బుల వైద్యుణ్ణి. అందుకని మనందరికీ తెలిసిందే అనుకునే అజీర్ణం గురించి మాట్లాడతాను. దీని మీద గత 30 ఏళ్లలో పరిశోధన చాలా దూరం వెళ్లింది. కానీ ఆ కబురు మన ఇళ్ల దాకా ఇంకా రాలేదు.

మా ఓపీలో తరచుగా కనిపించే మనిషిని ఒకసారి ఊహించుకోండి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో రెండు మూడు ఎండోస్కోపీ రిపోర్టులు, స్కానింగులు, రక్త పరీక్షలు ఉంటాయి. అన్నింటి కిందా ఒకటే మాట: నార్మల్. ఆ మనిషికి మాత్రం నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉంటుంది. తిన్నది గంటల తరబడి రాయిలా కూర్చుంటుంది. పొట్ట పైభాగంలో మంట, నొప్పి. పెళ్లికి వెళ్లినా భోజనానికి కూర్చోవాలంటే భయం. రిపోర్టు నార్మల్ అని తెలిశాక ఇంట్లోవాళ్ల చూపు కూడా మారుతుంది. "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఎందుకు మూలుగుతావు? అంతా నీ మనసులోనే ఉంది" అంటారు. కొన్నిసార్లు ఆ మాట డాక్టర్లే అంటారు.

ఆ మాట సరికాదని చెప్పడానికే ఈ ప్రసంగం.

జబ్బు పేరు, లెక్క

దీన్ని మేము ఫంక్షనల్ డిస్పెప్సియా అంటాం. అంటే అవయవం ఆకారంలో తేడా లేదు, పనితీరులో తేడా ఉంది. గడియారం విప్పి చూస్తే పళ్లచక్రాలన్నీ బాగానే ఉన్నాయి, కానీ టైము సరిగ్గా చూపించడం లేదు, అలాంటిది. ఎండోస్కోపీ అనేది కెమెరా. పుండు ఉంటే చూపిస్తుంది, గడ్డ ఉంటే చూపిస్తుంది. కండరం సమయానికి వదులవుతోందా లేదా, నాడి మామూలు కంటే ఎక్కువగా స్పందిస్తోందా అన్నది ఆ కెమెరాకు కనపడదు.

ఈ రకం జబ్బుల నిర్వచనాలను అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి తయారుచేస్తుంది. దాని పేరు రోమ్ ఫౌండేషన్. వాళ్ల లెక్కలో నాలుగు లక్షణాలు ముఖ్యం: తిన్న తర్వాత ఇబ్బంది పెట్టే నిండుదనం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, బొడ్డుకు పైన నొప్పి, అదే చోట మంట. వీటిలో ఒక్కటైనా కనీసం ఆరు నెలల కిందట మొదలై, గత మూడు నెలలుగా తరచుగా వస్తూ, పరీక్షల్లో వేరే కారణం దొరక్కపోతే అది ఫంక్షనల్ డిస్పెప్సియా. 2006లో దీన్ని రెండు తెగలుగా విడదీశారు. మొదటి రెండు లక్షణాలు ఉన్నవాళ్లది భోజనంతో వచ్చే బాధ. మిగతా రెండూ ఉన్నవాళ్లది నొప్పి, మంటల బాధ. కొందరికి రెండూ కలిసి ఉంటాయి.

2016లో వచ్చిన నాలుగో విడత నిర్వచనాల్లో అసలు ఈ కుటుంబం పేరే మార్చారు. "ఫంక్షనల్ జబ్బులు" అనే పేరు పక్కనపెట్టి "పేగుకూ మెదడుకూ మధ్య సంభాషణలో వచ్చే రుగ్మతలు" అన్నారు. పాత పేరులో "ఏమీ లేదులే" అనే తీసిపారేసే ధోరణి ఉండేది. కొత్త పేరు తేడా ఎక్కడుందో చెబుతోంది.

ఇది ఎవరో పదిమందికి వచ్చే జబ్బు కాదు. అజీర్ణం బాధతో ఎండోస్కోపీ చేయించుకునే ప్రతి 10 మందిలో సుమారు ఏడుగురికి పుండు గానీ గడ్డ గానీ కనిపించదు. రోమ్ ఫౌండేషన్ 33 దేశాల్లో 73 వేల మందికి పైగా ప్రశ్నించి చేసిన సర్వే ఫలితాలు 2021లో వచ్చాయి. ఇంటర్నెట్‌లో జవాబిచ్చినవాళ్లలో 100కి 7 మందికి ఫంక్షనల్ డిస్పెప్సియా ఉన్నట్టు తేలింది. ఆ సర్వేలో మన దేశం కూడా ఉంది.

ముందు ఇవి కావని తేల్చుకోవాలి

ముందుకు వెళ్లేముందు ఒక హెచ్చరిక. మన సభలో సగం మందికి పైగా యాభై దాటినవాళ్లే. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మొదటిది గుండె. "గ్యాస్ అనుకున్నామండీ" అనే మాట మన ఊళ్లలో ఎన్ని సంతాప సభల్లో విన్నామో మీకు తెలుసు. పొట్ట పైభాగంలో బరువు, చెమటలు, ఆయాసం, దవడలోకో చేతిలోకో పాకే నొప్పి, మెట్లెక్కితే పెరిగి ఆగితే తగ్గే నొప్పి, ఇవి ఉంటే సోడా తాగి పడుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా, ఒట్టి కడుపులో వికారంలాగా కూడా రావచ్చు.

రెండోది కడుపులోనే ఉండే పెద్ద జబ్బులు. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం, ఆగని వాంతులు, రక్తహీనత, కడుపులో గడ్డ తగలడం, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా జీర్ణకోశ క్యాన్సర్ వచ్చి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు. 60 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన అజీర్ణానికైతే ఇవేవీ లేకపోయినా ఎండోస్కోపీ చేయించాలని అమెరికా, కెనడా వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశంలో చాలామంది వైద్యులు అంతకంటే ముందే చేయిస్తారు.

మూడోది మనం వేసుకునే మాత్రలు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకుంటున్న ప్రతి మందూ, నాటుమందుతో సహా, తీసుకెళ్లి చూపించండి.

ఇవన్నీ కావని తేలాక మిగిలేదే ఇవాళ్టి మన విషయం.

ముందే కనిపెట్టి, మధ్యలో వదిలేశారు

కడుపుకూ మనసుకూ సంబంధం ఉందని మన పెద్దలకు తెలియదా? తెలుగు భాషే సాక్ష్యం. అసూయను కడుపుమంట అంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిది కడుపుకోత. జాలేస్తే కడుపు తరుక్కుపోతుంది. తప్పు క్షమించమంటే కడుపులో పెట్టుకోమంటాం. రక్తసంబంధం పేగుబంధం. చరక సంహిత కూడా మితంగా తిన్న మంచి ఆహారం సైతం అరగకపోవడానికి చింత, శోకం, భయం, కోపం, నిద్రలేమి కారణాలని లెక్కపెట్టింది.

దాన్ని కళ్లతో చూసిన మొదటివాళ్లలో ఒకరు విలియం బ్యూమాంట్ అనే అమెరికా సైనిక వైద్యుడు. 1822లో మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ గుండు తగిలింది. బతికాడు గానీ జీర్ణకోశానికి పడ్డ రంధ్రం పూడలేదు, కిటికీలా ఉండిపోయింది. బ్యూమాంట్ ఆ కిటికీలోంచి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. ఆహారం ముక్కను పట్టుదారానికి కట్టి లోపలికి వదిలి, ఎంతసేపటికి కరుగుతుందో చూసేవాడు. 1833లో పుస్తకం అచ్చు వేశాడు. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు లోపలి పొర రూపు మారడం, అరుగుదల దెబ్బతినడం అందులో రాశాడు.

తర్వాత రష్యాలో పావ్లోవ్. గంట మోగితే కుక్కకు చొంగ కారడం మన సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి ఇచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్క మింగిన ఆహారం కడుపులోకి చేరకుండా గొంతు దగ్గరే బయటికి పడిపోయేలా శస్త్రచికిత్స చేశాడు. అయినా కొద్ది నిమిషాల్లో జీర్ణరసం ఊరింది. మెదడు నుంచి కడుపుకు వెళ్లే వేగస్ నాడిని కోస్తే ఊరడం ఆగిపోయింది. అంటే మొదటి ముద్ద కడుపులో పడకముందే మెదడు కబురు పంపిస్తోందన్నమాట.

ఇంత తెలిశాక ఈ దారి ఎందుకు మరుగున పడింది? పనిముట్లు మారాయి. 1957లో వంగే ఎండోస్కోపు వచ్చింది. పుండు కళ్లకు కనపడసాగింది. ఆమ్లాన్ని తగ్గించే మందులు వచ్చాయి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ పుండుకు కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రవాన్ని తనే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పుండు ఒత్తిడి వల్లే వస్తుందన్న పాత నమ్మకం పక్కకు వెళ్లింది. అది గొప్ప విజయమే. దాని నీడలో ఒక నష్టం కూడా జరిగింది. కనపడేదే జబ్బు, కనపడనిది భ్రమ అనే ఆలోచన వైద్యుల్లోనూ జనంలోనూ స్థిరపడింది.

కడుపులోని నాడీ మండలం

మన జీర్ణనాళం గోడల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. రెండు పొరలుగా వల అల్లినట్టు ఉంటాయి. మెదడు ఆజ్ఞ లేకపోయినా పేగును కదిలించగల తెలివి ఈ వలకు ఉంది. అందుకే అమెరికా శాస్త్రవేత్త మైకేల్ గెర్షన్ 1998లో రాసిన పుస్తకానికి "రెండో మెదడు" అని పేరు పెట్టాడు.

ఈ రెండు మెదళ్ల మధ్య తీగ వేగస్ నాడి. మెదడు యజమాని, కడుపు నౌకరు, ఆజ్ఞలు పైనుంచి కిందికి వస్తాయని మనం అనుకుంటాం. లెక్క తిరగబడి ఉంది. ఆ నాడిలో పోగుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. కడుపు మాట్లాడుతూ ఉంటుంది, మెదడు ఎక్కువగా వింటూ ఉంటుంది. 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఇంకో సంగతి చూపించారు. పేగు లోపలి పొరలోని కొన్ని కణాలు నేరుగా వేగస్ నాడితో ముడిపడి, చక్కెర తగిలిన సంగతిని రెప్పపాటు కంటే తక్కువ సమయంలో చేరవేస్తున్నాయి.

ఇక్కడ ఒక అపోహ తీరుస్తాను. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతం పేగుల్లోనే ఉంటుందన్నది నిజం. కాబట్టి ఫలానాది తింటే ఆ సెరటోనిన్ మెదడుకు ఎక్కి ఆనందం వస్తుందని వాట్సాప్‌లో తిరిగేది నిజం కాదు. పేగులోని సెరటోనిన్ మెదడు గడప దాటి లోపలికి పోదు. అది పేగు కదలికలకు, నాడులకు కబురు అందించడానికి ఉపయోగపడుతుంది.

పరిశోధనలో ఏం దొరికింది

మొదటిది, కడుపు వదులు కాకపోవడం. ఖాళీ జీర్ణకోశం ముడుచుకున్న చేతిసంచి లాంటిది. మనం తినడం మొదలుపెట్టగానే దాని పైభాగం వదులై చోటిస్తుంది. లీటరు పైగా పట్టినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. 1998లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 40 మంది ఫంక్షనల్ డిస్పెప్సియా రోగులను పరీక్షించారు. వారిలో 40 శాతం మందికి ఈ వదులయ్యే గుణం తగ్గింది. "నాలుగు ముద్దలకే నిండిపోతోంది" అనేది వాళ్లలోనే ఎక్కువ. అంటే ఆ మాట అక్షరాలా నిజం.

రెండోది, నాడుల అతి స్పందన. మామూలు మనిషికి తెలియనంత సాగుడు కూడా వీళ్లకు నొప్పిగా తెలుస్తుంది. దీనికి మన మిరపకాయ మంచి ఉదాహరణ. మిరప కారాన్ని గుర్తించే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. ఆ గ్రాహకం నాలుక మీదే కాదు, కడుపు నాడుల మీద కూడా ఉంది. కారం సారాన్ని గొట్టంలో పెట్టి మింగిస్తే ఆరోగ్యవంతుల కంటే ఈ రోగుల్లో చాలామందికి ఎక్కువ బాధ కలుగుతుంది. అయితే ఇటలీలో 2002లో 30 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో రోజుకు రెండున్నర గ్రాముల ఎండుమిరప పొడిని ఐదు వారాలు గొట్టాల్లో ఇస్తే, మొదట్లో కొంత బాధ ఉన్నా, తర్వాత లక్షణాలు తగ్గాయి. రోజూ తగిలే కారానికి నాడి అలవాటు పడి స్పందన తగ్గిస్తుందని వివరణ. గుంటూరు వాళ్లు సంతోషించనక్కర్లేదు, అది ఆవకాయకు ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. "కారం మానెయ్యండి" అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం మాత్రం సరికాదు. ఎవరికి పడదో వాళ్లు తగ్గించుకోవాలి.

మూడోది, ఇప్పుడు ఎక్కువ పని జరుగుతున్న చోటు. అందరూ జీర్ణకోశంలో వెతుకుతుంటే తేడా దాని గడప అవతల, చిన్నపేగు మొదటి భాగంలో కనిపించింది. 2007లో స్వీడన్ ప్రజల మీద జరిగిన అధ్యయనంలో ఈ రోగుల చిన్నపేగు మొదట్లో ఈసినోఫిల్స్ అనే కణాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇవి ఎలర్జీలో పెరిగే కణాలు. 2014లో లూవెన్ బృందం అక్కడి లోపలి పొర బిగువు తగ్గిందని, స్వల్పమైన వాపు ఉందని చూపించింది. ఎండోస్కోపీ కెమెరాకు నార్మల్‌గా కనిపించిన చోటే, ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఇవి కనిపించాయి.

నాలుగోది, ఇన్‌ఫెక్షన్. 2002లో స్పెయిన్‌లోని కాటలోనియాలో సాల్మొనెల్లా విషాహారం వల్ల చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏడాది తర్వాత చూస్తే వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి అజీర్ణం మిగిలిపోయింది. "ఆ పెళ్లి భోజనం తర్వాత నుంచీ నా కడుపు బాగోలేదు" అనే మాట మనం కూడా వింటుంటాం. అది సాకు కాకపోవచ్చు.

ఐదోది, ఒత్తిడి. ఇదీ 2014లో లూవెన్‌లోనే. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లను సభ ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇమ్మన్నారు. ఉపన్యాసం సమయంలో ఒత్తిడి హార్మోను బాగా పెరిగినవాళ్లలో చిన్నపేగు పొర బిగువు సడలింది. మాస్ట్ కణాలు అనే రక్షక కణాలను అదుపుచేసే మందు ముందే ఇస్తే ఆ సడలింపు ఆగింది. అంటే భయం అనేది మెదడులో మొదలై, హార్మోను ద్వారా పేగు గోడలోని ఒక కణం దాకా వెళ్లే మార్గం దొరికింది. ఇక్కడ మైకు ముందు నిలబడిన నాకు ఆ కుర్రవాళ్ల అవస్థ బాగా అర్థమవుతోంది.

ముందు మనసా, ముందు కడుపా

"అంతా నీ మనసులోనే ఉంది" అనే మాటకు నేరుగా సమాధానం ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి పరిశోధకులు సాధారణ ప్రజలను 12 ఏళ్లు గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. మొదట ఆందోళన ఉండి కడుపు బాగున్నవాళ్లలో తర్వాత కడుపు బాధలు ఎక్కువగా వచ్చాయి. ఇది అనుకున్నదే. మొదట కడుపు బాధ ఉండి మనసు బాగున్నవాళ్లలో కూడా తర్వాత ఆందోళన, దిగులు ఎక్కువగా వచ్చాయి. దారి రెండు వైపులా నడుస్తోంది. కాబట్టి కడుపు బాధతో ఏళ్లుగా నలిగి దిగులు పడ్డ మనిషితో "నీ దిగులే నీ జబ్బు" అంటే అతని విషయంలో కథను తలకిందులుగా చెప్పినట్టే కావచ్చు.

పేగులోని సూక్ష్మజీవుల గురించి కూడా రెండు మాటలు. 2004లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో, పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ సోకకుండా పెంచిన ఎలుకలకు ఒత్తిడి స్పందన అతిగా ఉందని తేలింది. 2011లో ఐర్లండ్‌లోని కార్క్ పరిశోధకులు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఇస్తే ఎలుకల్లో ఆందోళన తగ్గిందని, వేగస్ నాడి కోసేస్తే ఆ ఫలితం పోయిందని చూపించారు. అదే సూక్ష్మజీవిని ఆరోగ్యంగా ఉన్న మనుషులకు ఇచ్చి 2017లో చూస్తే ఉపయోగం కనపడలేదు. ఎలుకల్లో తేలింది మనుషుల్లోనూ తేలేదాకా పెద్ద ధర పెట్టి ప్రోబయాటిక్ డబ్బాలు కొనవద్దని నా సలహా. మన మజ్జిగ మనకు పడితే తాగుదాం, దానికి పరిశోధన పేరు అక్కర్లేదు.

మరి వైద్యం

ఒకే మాత్రతో పోయే జబ్బు కాదని ముందే చెప్పాలి. కారణాలు అనేకం కాబట్టి మందులూ అనేకం.

హెలికోబాక్టర్ ఉందేమో పరీక్షించి, ఉంటే పూర్తి కోర్సు వాడి తొలగించాలి. కొందరికి దానితోనే బాధ పోతుంది. అందరికీ పోదు. ఆమ్లం తగ్గించే మాత్ర, మనవాళ్లు పరగడుపున గ్యాస్ గోలీ అని వేసుకునేది, కొంతమందికి కొంత ఉపశమనం ఇస్తుంది. కొన్ని వారాలు వాడి చూసి, ఫలితం లేకపోతే ఆపాలి. ఫలితం లేకపోయినా పదేళ్లుగా వేసుకుంటున్నవాళ్లు ఈ సభలో కూడా ఉంటారు. ఊరికే సొంతంగా ఆపకండి, వేరే కారణానికి ఇచ్చారేమో మీ డాక్టరును అడగండి. నిండుదనం బాధ ఉన్నవాళ్లకు కడుపు కదలికను సరిచేసే మందులు ఉన్నాయి. వాటిలో ఒకటైన అకోటియమైడ్‌ను 2013లో జపాన్ ఈ జబ్బు కోసమే అనుమతించింది.

ఇక అందరూ భయపడే మందు దగ్గరికి వస్తాను. 2015లో అమెరికా, కెనడాల్లో 292 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. కొందరికి ఎమిట్రిప్టిలిన్, కొందరికి ఎసిటలోప్రామ్, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మొదటి రెండూ దిగులుకు వాడే మందులే. చాలినంత ఉపశమనం కలిగిందన్నవాళ్లు ఎమిట్రిప్టిలిన్‌తో 53 శాతం, ఉత్తుత్తి మాత్రతో 40 శాతం, ఎసిటలోప్రామ్‌తో 38 శాతం. ఇందులో నాకు మూడు సంగతులు కనిపిస్తాయి. దిగులు తగ్గించడంలో పేరున్న ఎసిటలోప్రామ్ ఇక్కడ పని చేయలేదు. కాబట్టి ఇది ఒట్టి దిగులు జబ్బు కాదు. దిగులుకు వాడే మోతాదు కంటే తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్ నొప్పి నాడుల అతి స్పందనను తగ్గిస్తుంది, నొప్పి ప్రధానంగా ఉన్నవాళ్లకు ఎక్కువగా ఉపయోగపడింది. మూడోది, ఉత్తుత్తి మాత్రతో కూడా 40 శాతం మందికి మేలు జరిగింది. దీన్ని చూసి నవ్వకండి. ఎవరో శ్రద్ధగా విని, పరీక్షించి, పట్టించుకున్నారనే నమ్మకం కూడా మెదడు నుంచి కడుపుకు వెళ్లే కబురే.

అందుకే డాక్టరు ఈ మాత్ర రాసినప్పుడు "నన్ను పిచ్చివాడంటున్నాడు" అనుకోకండి. మందుల షాపతను "ఇది మెంటల్ మందు కదా" అన్నాడని రెండో రోజే మానేసినవాళ్లు చాలామంది. మగత, నోరెండడం లాంటి ఇబ్బందులు ఉంటాయి. గుండె జబ్బు, ప్రోస్టేటు, గ్లకోమా ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

పసుపు గురించి అడుగుతారని తెలుసు. 2023లో థాయ్‌లాండ్ పరిశోధకులు 206 మందితో అధ్యయనం చేసి, పసుపులోని కర్కుమిన్ గొట్టాలు ఒమెప్రజోల్‌తో దాదాపు సమానంగా పని చేశాయని చెప్పారు. ఆసక్తికరమే. అయితే అందులో ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన జట్టు లేదు. 40 శాతం మాట ఇందాకే విన్నారు కాబట్టి ఆ లోటు ఎంత ముఖ్యమో మీకే అర్థమవుతుంది. కూరలో పసుపుతో భయం లేదు. పెద్ద మోతాదు గొట్టాలను నెలల తరబడి సొంతంగా మింగితే కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

మందుల పక్కన చేయదగినవి: ఒక్కసారి పళ్లెం నిండా కాకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తినడం, నూనె, నెయ్యి, వేపుళ్లు తగ్గించడం, రాత్రి భోజనానికీ పడకకూ మధ్య వ్యవధి ఉంచడం, నిద్ర. త్రేన్పులు విడవకుండా వచ్చేవాళ్లకు పొట్ట పైకి లేచేలా నిదానంగా ఊపిరి తీసుకునే సాధన బాగా ఉపయోగపడుతుంది. బాధ వస్తుందేమోనన్న భయం వల్ల బాధ పెరిగేవాళ్లకు శిక్షణ పొందిన మానసిక నిపుణుల సలహా కూడా వైద్యంలో భాగమే. అక్కడికి పంపారంటే వదిలించుకున్నారని కాదు.

గురువులకూ, ఇంట్లోవాళ్లకూ

ఈ సభలో ఇప్పటికీ బడిలో పాఠాలు చెబుతున్న మాస్టార్లు, టీచర్లు ఉన్నారు. పరీక్షల రోజుల్లో కడుపునొప్పి అనే పిల్లలు మీకు కొత్త కాదు. వాళ్లలో దొంగ నొప్పి చెప్పేవాళ్లు ఉండవచ్చు. కానీ భయం పేగు గోడ దాకా వెళ్లే దారి ఏమిటో ఇందాక విన్నారు. నిజంగానే నొప్పి వస్తున్న పిల్లను "నాటకాలు" అంటే రెండు నష్టాలు. నొప్పి తగ్గదు, పైగా ఆ పిల్ల తన ఒంటి మాటను తనే నమ్మడం మానేస్తుంది. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎక్కడ నొప్పి అని అడిగితే చాలాసార్లు సగం తగ్గుతుంది. బరువు తగ్గుతున్నా, నిద్రలో నొప్పితో లేస్తున్నా, వాంతులు, జ్వరం, మలంలో రక్తం ఉన్నా తల్లిదండ్రులకు చెప్పి డాక్టరు దగ్గరికి పంపండి.

ఇంట్లోవాళ్లకు ఒకే విన్నపం. రిపోర్టు నార్మల్ వస్తే సంతోషించండి, పెద్ద జబ్బు లేదు. ఆ సంతోషంలో మనిషి బాధను కొట్టిపారేయకండి. "నువ్వు చెప్పేది నిజమే, ఇది ప్రాణం తీసే జబ్బు కాదు, తగ్గించుకునే మార్గం ఉంది" అనండి. ఈ మూడు ముక్కలూ ఒకేసారి చెప్పగలిగితే, సంచి పట్టుకుని ఊరూరా నాలుగో ఎండోస్కోపీకి తిరిగే ఖర్చూ తప్పుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకెళ్లండి. బాధ ఎప్పుడు, దేని తర్వాత మొదలైంది. తింటే పెరుగుతుందా, తినకపోయినా ఉంటుందా. ఏ మందు ఎన్నాళ్లు వాడితే ఎంత తగ్గింది. ఆ కాగితం చాలాసార్లు రిపోర్టుల కట్ట కంటే ఎక్కువ పనికొస్తుంది.

జీర్ణవ్యవస్థ బొమ్మ నల్లబల్ల మీద రంగు సుద్దలతో వేసి, భాగాలు గుర్తించమని మాకు నేర్పింది ఈ బడే. ఆ బొమ్మలో తల ఉండేది కాదు, మెడ కింది నుంచి మొదలయ్యేది. ఇప్పటి పరిశోధన ఆ బొమ్మకు తలను కూడా కలిపి గీయమంటోంది. ఇప్పుడు పాఠం చెబుతున్న టీచర్లు ఆ ఒక్క గీత కలిపితే మన తర్వాతి పిల్లలకు ఈ ప్రసంగం అక్కర్లేదు.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. పాత స్నేహితుల పక్కన కూర్చుని, కబుర్లాడుతూ, నిదానంగా తినండి.